పేరు రాయని పాట

పోయిన వారం కొత్త ఫోను కొన్నాను. పాత ఫోనులో ఉన్న పాటలన్నీ దీంట్లోకి మార్చుకునేసరికి ఒక పూట పట్టింది. తీరా తెరిచి చూస్తే, నేను ఇన్నేళ్లుగా ఒకటే క్యాసెట్టుగా ఎరిగిన పాటలు పదకొండు ముక్కలై పదకొండు చోట్ల కూర్చుని ఉన్నాయి. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే చాలు, ఒక చుక్క ఎక్కువైతే చాలు, ఇది వేరే ఆల్బమ్ అంటుంది ఫోను. అన్నిటికీ అడుగున 'తెలియని ఆల్బమ్' అని ఒకటి, అందులో దిక్కూ దివాణం లేని పాటలు ముప్పయ్యో నలభయ్యో. మా అమ్మాయి తొంగి చూసి, "ఎవరివో ఏందో, ఇవన్నీ తీసిపారెయ్యమ్మా" అని వేలు పెట్టబోయింది. నేను గబుక్కున ఫోను లాక్కున్నాను. ఎంత గబుక్కున అంటే, అది బిత్తరపోయి నా మొహంలోకి చూసింది. "ఏమయిందమ్మా?" అంది. ఏమీ కాలేదు. కానీ ఆ 'ఏమీ కాలేదు' అనే మాట నోట్లోంచి రావడానికి ఒకప్పుడు నాకు ఎన్ని రోజులు పట్టిందో దానికి చెప్పాలంటే ఆత్మకూరు నుంచి మొదలుపెట్టాలి.

తొంభైల చివర నేను డిగ్రీ ముగించి, నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, ఆత్మకూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. బస్టాండుకు దగ్గర్లో ఎరువుల కొట్టు మీద మేడ అది. ఆ కొట్టు ఓనరు కొడుకే సెంటరు పెట్టాడు. కింద యూరియా బస్తాలు, పైన నాలుగు కంప్యూటర్లు. ఎండాకాలం మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన ముక్కుల్లోకి కొట్టేది, తలుపు తెరవగానే ఏసీ చల్లగా తగిలేది. ఆత్మకూరులో మనుషులకు లేని ఏసీ కంప్యూటర్లకు ఉండేది. చెప్పులు బయట విడిచి రావాలని తలుపు మీద రాసి ఉండేది. పిల్లల్ని చేర్పించడానికి అనంతసాగరం, సంగం వైపు నుంచి వచ్చే రైతులు తలపాగాలు కూడా తీసి చంకన పెట్టుకుని లోపలికి వచ్చేవారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. అందరూ మేడం అని పిలుస్తుంటే, ఆ మేడం ఎవరా అని వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని.

మా నాయన వింజమూరులో లైన్‌మన్. కరెంటు పోతే ఊరంతా ఆయన్నే తిట్టేది, వస్తే మాత్రం ఎవరూ తలుచుకునేవాళ్లు కాదు. అందుకేనేమో ఆయన మాట చాలా పొదుపు. ఆయనకు అక్క మా మేనత్త. ఉదయగిరిలో చిన్నపిల్లల టీచరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "తీరిక లేక" అని చెప్పేది. అబద్ధమేమీ కాదు. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్లు, శనివారం పాటల ప్రాక్టీసు, ఆదివారం చర్చి, మధ్యలో ఊళ్లోవాళ్ల దరఖాస్తుల్లో తప్పులు దిద్దటం. తప్పు కనపడితే అత్త చెయ్యి ఊరుకోదు. ఒకసారి మా ఇంటికి వచ్చిన పెళ్లి శుభలేఖలో ఎర్రసిరాతో మూడు దీర్ఘాలు దిద్ది, పెళ్లికి పోయి ఆ శుభలేఖ పెళ్లికొడుకు తండ్రి చేతిలోనే పెట్టి వచ్చింది.

అత్త పాటల గుంపులో పద్నాలుగు మంది ఆడవాళ్లు. పొగాకు కాల్చి ఆరబెట్టే బేరన్లలో పనిచేసేవాళ్లు, మిరపకోతకు పోయేవాళ్లు, ఒక ఆయా, ఇద్దరు టీచర్లు, మేకలు మేపే ఒక పెద్దామె. కొండ మీంచి ఎండ దిగాక కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి చర్చిలో చాప మీద కూర్చునేవాళ్లు. అత్త ఎదురుగా నిలబడి చెక్క స్కేలుతో తాళం వేసేది. ఆ స్కేలు బల్లకే తగిలేది, ఎవరికీ తగిలేది కాదు, అయినా తాళం తప్పినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. కొన్ని పాటలు వాళ్లే కట్టుకున్నవి. నాట్లప్పుడు పాడుకునే బాణీలోనే దేవుడి మాటలు పెట్టి పాడేవాళ్లు. పదేళ్లుగా అత్త వాటిని ఒక పాత టేప్‌రికార్డరులో పట్టి పెడుతుండేది. రికార్డరు కిటికీలో పెట్టేది కాబట్టి పాటతోబాటు కాకులు, మేకలు, నెల్లూరు బస్సు హారన్ కూడా క్యాసెట్టులోకి ఎక్కేవి.

ఆ ఏడాది వానాకాలం ముగిసేముందు అత్త మెడ దగ్గర నిమ్మకాయంత గడ్డ కనపడింది. కనపడి చాలా నెలలే అయిందట, మెడ చుట్టూ కొంగు కప్పుకుని తిరిగింది. నాయన బలవంతం మీద నెల్లూరు పోతే, అక్కడ పెద్ద డాక్టరు చూసి థైరాయిడ్ గడ్డ, తీసెయ్యాలి అన్నాడు. తీసి పరీక్షకు పంపితే కానీ అది మంచిదో చెడ్డదో తెలియదన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "గొంతుకు పోయే నరం ఈ గడ్డ వెనకాలే ఉంటుందమ్మా. జాగ్రత్తగానే చేస్తాం. చాలామందికి ఏమీ కాదు. కానీ మాట మారదని మాత్రం నేను రాసివ్వలేను." అత్త ఆయన చీటీ అందుకుని, మందు పేరులో ఒక అక్షరం అర్థం కాలేదని అడిగి తెలుసుకుని, బయటికి వచ్చిందట. ఆపరేషనుకు మూడు వారాలు గడువు ఇచ్చారు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం అత్త మా సెంటరు మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో బిస్కెట్ల రేకుడబ్బా, రెండో చేతిలో తువ్వాలలో చుట్టిన టేప్‌రికార్డరు. ఉదయగిరి నుంచి రెండు గంటల పైన బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుని వచ్చింది. డబ్బా నిండా క్యాసెట్లు.

"వీటిని కంప్యూటర్లో ఎక్కించు మే. క్యాసెట్లు బూజు పట్టిపోతుండాయి. మా ఆడోళ్ల పాటలు పోకూడదు."

"నీ గొంతు కోసమా అత్తా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"నా గొంతు సంగతి డాక్టరు చూసుకుంటాడు. నువ్వు నీ పని చూసుకో."

మా సారు మంచివాడు. ఎరువుల కొట్టులో పుట్టి పెరిగినా కంప్యూటరు అంటే ప్రాణం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా క్లాసులుండవు కాబట్టి వాడుకోమన్నాడు. టేప్‌రికార్డరు నుంచి కంప్యూటరుకు ఒక వైరు కలిపి పాట మొత్తం పాడించాలి. నాలుగు నిమిషాల పాట ఎక్కడానికి నాలుగు నిమిషాలు, దాన్ని కుదించి చిన్న ఫైలు చెయ్యడానికి ఇంకో ఇరవై నిమిషాలు. నడిమధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అలా పోయినప్పుడల్లా నాకు నాయన మీద కోపం వచ్చేది, ఆయన ఉండేది వింజమూరులో అని తెలిసి కూడా.

పాటలు వినడానికి సారు ఎక్కడినుంచో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టాడు. పాటల్ని అదే వరసగా అమర్చి చూపిస్తుంది, పాడినవాళ్ల పేరున ఒక వరస, ఆల్బమ్ పేరున ఒక వరస. మొదటి వారం ముగిసేసరికి ఇరవై పాటలు ఎక్కించి, అత్త వచ్చినప్పుడు గొప్పగా తెరిచి చూపించాను. ఒక్క ఆల్బమ్ ఉండాల్సిన చోట ఆరు ఉన్నాయి. ఒకరోజు నేను ఉదయగిరికి ఇంగ్లీషులో ఒక స్పెల్లింగు రాశాను, ఇంకోరోజు ఇంకోటి. ఒకచోట రెండు మాటల మధ్య రెండు ఖాళీలు పడ్డాయి. ఫైలు పేర్లన్నీ ఒకేలా మార్చి చూశాను. అయినా ఆరు ఆరుగానే ఉన్నాయి. ఫైలుకు పైన పెట్టిన పేరును అది లెక్కచెయ్యదు. ఫైలు లోపల పాట పేరు, పాడినవాళ్లు, ఆల్బమ్, సంవత్సరం అని గళ్లుంటాయి. వాటిలో ఏం రాసి ఉందో అదే చదువుతుంది.

"దరిద్రపు సాఫ్ట్‌వేర్ అత్తా. ఒకటే పేరని ఆ మాత్రం తెలుసుకోలేదు" అన్నాను.

అత్త కళ్లజోడు సరిచేసుకుని తెర మీదికి వంగింది. "తప్పు రాసింది నువ్వు, దాన్నేంది తిడతావు? హాజరుపట్టీలో నేనొక పిల్లోడి పేరు ఈ నెల ఒకరకంగా, వచ్చే నెల ఒకరకంగా రాస్తే, చూసేవాళ్లు ఇద్దరు పిల్లోళ్లనుకోరా? కవరు మీద అడ్రసు చూడదు, లోపలుండే ఉత్తరం చదువుతాది. అంతే గదా. మంచిదే ఇది. నాకు నచ్చినాది."

అలా అత్తకూ కంప్యూటరుకూ స్నేహం కుదిరింది, మధ్యలో నేను చెడ్డదాన్నయ్యాను. ఇరవై పాటలకూ మళ్లీ మొదటినుంచి గళ్లు నింపించింది. నేను కొట్టేటప్పుడు పక్కన నిలబడి ఒక్కో అక్షరం పలికేది. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. పాడినవాళ్లు అనే గడిలో ఏం రాయాలి? నేర్పిందీ నడిపిందీ నువ్వే కాబట్టి నీ పేరు రాస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. పద్నాలుగు మంది పేర్లూ రాయమంది. ఆ గడిలో ముప్పై ఇంగ్లీషు అక్షరాలకు మించి పట్టవు. రాసి చూపించాను, రెండో ఆమె పేరు సగంలో తెగిపోయింది. "అయితే ఏ పాట ఎవరు ఎత్తుకుంటే వాళ్ల పేరు రాయి" అంది. పాట ఎత్తుకోవడం అంటే మొదటి పాదం ఒంటరిగా పాడటం. ఎవరు ఏది ఎత్తుకున్నారో అత్తకు కంఠతా వచ్చు. పాడినవాళ్ల వరసలోకి పోయి చూస్తే, పొగాకు బేరన్ల ఆడవాళ్లు, మిరపకోత ఆడవాళ్లు, అందరూ ఒకరి కింద ఒకరు, ఒక్కొక్కరికీ సొంత క్యాసెట్టు వచ్చినట్టు కనపడ్డారు.

ఇది అత్త ఊళ్లో చెప్పినట్టుంది. రెండు రోజుల తర్వాత నలుగురు ఆడవాళ్లు బస్సు దిగి వచ్చారు, మేకల పెద్దామెతో సహా. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఏసీ చలికి కొంగులు కప్పుకుని నిలబడ్డారు. తక్కినవాళ్లకు కాస్తో కూస్తో చదువొచ్చు, పెద్దామెకు రాదు. "నేను యాడుండాను?" అని అడిగింది. చూపించాను. ఆమె వేలు కొంగుకు తుడుచుకుని, తెర అద్దం మీద తన పేరు పొడుగూతా మెల్లగా తడిమి, "ఇంత పొడుగుందా నా పేరు?" అంది. దాని మీద నొక్కితే ఆమె పాట వచ్చింది, వెనకాల ఆమె మేకలతో సహా. ఆమె కాసేపు విని, "ఆ అరిచేది మా నల్లది. అది పోయి మూడేళ్లాయె" అంది. మా సారు అటు తిరిగి ఫ్యాను స్విచ్చు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఇక మిగిలింది ఒక్క పాట. ఆఖరి క్యాసెట్టు చివర, క్రిస్మస్ పాటలు ముగిశాక టేపు మిగిలితే, అందరూ వెళ్లిపోయాక అత్త ఒక్కతే కూర్చుని పాడింది. మా అవ్వ పాడిన లాలిపాట. అవ్వ దాన్ని ఎక్కడ నేర్చుకుందో తెలియదు. ఆమె పోయాక ఆ బాణీ తెలిసింది అత్త ఒక్కదానికే. నాయనకు మాటలు గుర్తే కానీ రాగం నోట పలకదు. నేను అది ఎక్కించి, పాడినవాళ్ల గడిలో అత్త పేరు కొట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అది చర్చి పాట కాదు మే. ఇంట్లో పాట. వాటిల్లో కలపబాక. నా పేరు కూడా రాయబాక. ఊరికే ఉండనీ."

సరేనని గళ్లన్నీ ఖాళీగా వదిలేశాను. ఆ పాట పోయి 'తెలియని' వాటిలో చేరింది. అత్త వెళ్లాక, ఆ పాట మళ్లీ వినాలనిపించి క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టాను. టేప్‌రికార్డరు రెండు నిమిషాలు పాడి, టేపును నమిలి మింగింది. లాగితే సరిగ్గా లాలిపాట దగ్గరే రెండు చోట్ల తెగింది. కంప్యూటర్లో ఉంది కదా అని నేను పెద్దగా బాధపడలేదు కూడా.

అత్తను బుధవారం నెల్లూరులో చేర్పించారు. శుక్రవారం ఆపరేషను. నాయన తోడు వెళ్లాడు. గురువారం నేనూ పోవాలి. బుధవారం సాయంత్రం సారు, కొత్త బ్యాచి వస్తున్నారు, అక్కర్లేనివి తీసేసి కంప్యూటరు శుభ్రం చెయ్యండి మేడం అన్నాడు. పాటల సాఫ్ట్‌వేర్ తెరిచాను. 'తెలియని' వాటిలో మొదట్లో వైరు పరీక్ష చెయ్యడానికి నేను చేసిన చెత్త అంతా ఉంది. హలో హలో అన్నవి, ఉత్త గుర్రు శబ్దాలు, కరెంటు పోయి సగంలో ఆగినవి. అన్నీ ఒక్కసారిగా పట్టుకుని డిలీట్ కొట్టాను. అది ఏదో అడిగింది. చదవకుండానే సరే అని నొక్కాను. మనసు అప్పటికే నెల్లూరు బస్సులో ఉంది.

గురువారం పొద్దున పదింటికి సెంటరు ఫోను మోగింది. నాయన. ఆస్పత్రి ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి చేస్తున్నాడు.

"అమ్మాయ్, వచ్చేటప్పుడు మీ అత్త పాడిన ఆ లాలిపాట క్యాసెట్టులో ఎక్కించుకోని రా. రాత్రి నుంచి అదే మతికొస్తుండాది."

"అత్త అడిగిందా నాయనా?"

"లేదు. నేనే" అన్నాడు. "రేపు ఎట్టుంటాదో ఏమో."

మా నాయన నన్ను నోరు తెరిచి ఏదైనా అడగటం నాకు తెలిసి అదే మొదటిసారి. సరేనని ఫోను పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పుడు తట్టింది. సాఫ్ట్‌వేర్ తెరిచాను. పద్నాలుగు మంది పేర్లూ బుద్ధిగా వరసలో ఉన్నాయి. 'తెలియని' అన్న మాటే లేదు. తీసేసినవి పడే కంప్యూటరు చెత్తబుట్ట తెరిచి చూశాను, అదీ ఖాళీ. ఇంకోసారి చూశాను. ఒకసారి లేనిది రెండోసారి చూస్తే ఎక్కడినుంచి వస్తుంది? డ్రాయరులో తెగిన టేపు ముద్ద ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుండగానే కరెంటు పోయింది.

ఆ తర్వాత రెండు గంటలు నేను పడింది నాకే తెలుసు. ఏసీ ఆగిపోయింది, గది ఉడికిపోతోంది, కింద కొట్లో బస్తాలు దించుతున్న చప్పుడు. రేపు ఆపరేషనులో ఏదన్నా అయితే, ఏమీ కాకున్నా గొంతు ఒక్కటి పోతే, అవ్వ పాట అంతటితో సరి. పద్నాలుగు మంది పాటలూ మేకల అరుపులూ బస్సు హారన్లూ భద్రంగా దాచి, అత్త గొంతు మాత్రం నా చేతులతో నేనే తుడిచేశాను. నాయనకు ఏం చెప్పాలి? టేపు తెగిందని చెప్పచ్చు, అది నిజమే. కానీ మిగతా నిజం? టేపు అతికించవచ్చేమోనని గోళ్లరంగుతో కూడా ప్రయత్నించాను. అతుక్కుంది, నా వేళ్లకు.

పన్నెండు దాటాక సారు వచ్చాడు. నా మొహం చూసి, ఆస్పత్రి నుంచి కబురేదో వచ్చిందనుకుని తలుపు దగ్గరే ఆగిపోయాడు. జరిగింది చెప్పాను. చెప్తూ ఏడ్చేశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "డిలీట్ కొట్టినప్పుడు అది ఏమడిగింది మేడం?" అన్నాడు.

"చదవలేదు సార్."

"పిల్లకాయలకు రోజూ చెప్తారే, చదవకుండా నొక్కబాకండి అని" అన్నాడు, కానీ మెత్తగానే అన్నాడు. కరెంటు వచ్చేదాకా ఇద్దరం తెర వంక చూస్తూ కూర్చున్నాం. వచ్చింది. కంప్యూటరు లేవడానికి పట్టే మూడు నిమిషాలు ఆరోజు చాలా తీరిగ్గా పట్టాయి. సారు పాటల సాఫ్ట్‌వేర్ ముట్టుకోనే లేదు. డిస్కులోకి పోయి, ఫోల్డరు తర్వాత ఫోల్డరు తెరుచుకుంటూ, రికార్డింగ్ చేసేటప్పుడు ఫైళ్లు దాచుకునే చోటు పట్టుకున్నాడు. అక్కడ పేరు లేని ఫైళ్లు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుని పదహారు ఉన్నాయి. మొదటిది నొక్కాడు, హలో హలో. రెండోది, గుర్రు. మూడోది నా దగ్గు. నాలుగోది మళ్లీ గుర్రు. నేను లెక్కపెట్టడం మానేసి కళ్లు మూసుకున్నాను. ఎన్నోదో తెలియదు, ఒకదానికి ముందు బల్ల జరిపిన చప్పుడు వచ్చింది, గొంతు సవరించుకున్నట్టు వచ్చింది, ఆ తర్వాత అత్త పాట ఎత్తుకుంది.

సారు పాట మొత్తం విన్నాడు. అయ్యాక అన్నాడు: "లిస్టులో నుంచి తీసెయ్యాలా, డిస్కులో నుంచి కూడా తీసెయ్యాలా అని అడిగుంటాది మేడం. మీరు నొక్కింది మొదటిది. కొట్టుకు బోర్డు పీకేస్తే లోపల సరుకు పోతాదా? యాడికీ పోలా."

యాడికీ పోలా. ఆ రెండు మాటలు విని నేను నవ్విన నవ్వుకు కింద కొట్లో బస్తాలు దించేవాళ్లు కూడా పని ఆపి పైకి చూశారట.

కొత్త క్యాసెట్టు తెప్పించి, పాట అందులోకి ఎక్కించి, సరిగా ఎక్కిందో లేదో రెండుసార్లు విని, టేప్‌రికార్డరు కూడా తీసుకుని మూడింటి బస్సెక్కాను. సంగం దాటాక కాలవ కింద వరి పచ్చగా కనుచూపు మేర ఉంది. ఎన్నోసార్లు పోయిన దారే, ఆరోజే మొదటిసారి చూసినట్టు చూశాను. ఆస్పత్రి వరండాలో నాయన టేప్‌రికార్డరు చెవికి ఆనించుకుని, శబ్దం బాగా తగ్గించి విన్నాడు. అయిపోయాక మళ్లీ తిప్పి విన్నాడు. లోపల మంచం మీద నుంచి అత్తే అంది, "రెండో చరణంలో శ్రుతి దిగినాది. ఎవురూ చెప్పలేదే నాకు."

శుక్రవారం ఆపరేషను రెండు గంటలు పట్టింది. డాక్టరు బయటికి వచ్చి, అంతా సవ్యంగా అయిందన్నాడు. వారానికి పరీక్ష రిపోర్టు వచ్చింది. మామూలు గడ్డే, భయపడేదేమీ లేదు. నాయన ఆ కాగితం మడిచి పైజేబులో పెట్టుకుని, ఉదయగిరి చేరేలోపల ఎన్నిసార్లు తడిమి చూసుకున్నాడో. అయితే అత్తకు మాట రాలేదు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ లేదు. నరం అదిరి ఉంటుంది, తెగలేదు, కొన్నాళ్లకు సర్దుకోవచ్చు అన్నాడు డాక్టరు. 'సర్దుకోవచ్చు' అన్నాడు కానీ 'సర్దుకుంటుంది' అనలేదు, అత్త ఆ తేడా గమనించింది. ఇంటికి వచ్చాక బడిపలక దగ్గర పెట్టుకుని రాసి చూపించేది. శనివారాలు ఆడవాళ్లు ఇంటికే వచ్చి పాడేవాళ్లు, అత్త స్కేలుతో తాళం వేసి, పలక మీద 'రెండోసారి' అని రాసేది. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఆదివారం ఆదివారం పోయి వచ్చేదాన్ని. లాలిపాట సంగతి ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

నాలుగో ఆదివారం. పొయ్యి మీద పాలు పెట్టి, నేను వసారాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. అత్త పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఉన్నట్టుండి పెరట్లోంచి కేక, "పాలు పొంగుతుండాయి మే! ముక్కులు మూసుకోని కూర్చున్నావా?"

లేచి రెండడుగులు వేసి ఆగిపోయాను. అత్త తడిచీర చేత్తో పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడిపోయింది. కొంచెం గరగరగా ఉంది, అయినా అది అత్త గొంతే, ఊళ్లో సగంమందికి అక్షరాలు నేర్పిన గొంతే. "ఇంకోసారి తిట్టు అత్తా" అన్నాను. "పాలు మే, పాలు" అంది, అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. మేం అలా ఒకరినొకరం చూసుకుంటూ ఉండగా పాలన్నీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ మాడు వాసనకు పక్కింటివాళ్లు వచ్చి, సంగతి తెలిసి, ఇంకో ఇంటికి చెప్పడానికి పరిగెత్తారు.

ఆ సాయంత్రమే జరిగిందంతా చెప్పేశాను, టేపు తెగడం, డిలీట్ కొట్టడం, నాయనకు చెప్పకుండా దాచడం. బాగా తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కూడా ఉంది, ఎంతసేపు తిడితే అంత మంచిది. అత్త మాత్రం, "తప్పు నాది గూడా ఉండాది" అంది. "పేరు రాయబాక అని నేనే అంటిని గదా. పేరు లేనిదాన్ని ఎవురిదని దాస్తారు?"

ఆ వారం మధ్యలో బడికి సెలవు పెట్టి ఆత్మకూరు వచ్చింది. నన్ను పక్కకు జరగమని కుర్చీలో తానే కూర్చుంది. పాడినవాళ్ల గడిలో ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. ఇంటిపేరుతో సహా ఇరవై మూడు అక్షరాలు, ముప్పైకి లోపే. పాట పేరు దగ్గర 'లాలి' అని కొట్టింది. ఆల్బమ్ గడి దగ్గర కొంచెంసేపు ఆగి, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఇంటి పాటలు' అని కొట్టి వెనక్కి వాలింది.

నాకు ఒక్కసారి అత్త తప్పు దొరికింది. ఎంతకాలానికి! "ఉండేది ఒకటే పాట గదా అత్తా. పాటలు అని రాశావేంది?"

అత్త కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది, "ఇంకా పాడతాను గదా."

పాడింది. రిటైరయ్యేలోపు తొమ్మిది పాడింది, ఆ తర్వాత ఇంకో నాలుగు, ఆఖరిది నా కూతుర్ని ఒళ్లో వేసుకుని. అత్త పోయి ఇప్పటికి ఏడేళ్లు. ఆ పలక పట్టుకుని తిరిగిన వారాలు నాకు ఇప్పటికీ ఏ రోజుకు ఆ రోజు విడివిడిగా గుర్తున్నాయి. దాని తర్వాత అత్త హాయిగా పాడుకున్న పదిహేడేళ్లను గుర్తుచేసుకోబోతే మాత్రం, అవన్నీ కలిసి ఒక్కటే పొడుగాటి మధ్యాహ్నంలా ఉంటాయి, ఎక్కడ మొదలైందో తెలియకుండా, ఎప్పుడు పొద్దుగుంకిందో చూసుకోకుండా.